మూడో రోజు వేడినీళ్లు

ఇంజను ఆగినప్పుడు మాకు వినిపించింది చప్పుడు కాదు.
రెండు రోజులుగా తెలియకుండానే వింటున్న చప్పుడు
లేకపోవడం వినిపించింది.
గ్లాసులో నీళ్లు వణకడం మానేశాయి.
తెల్లవారుజాము నాలుగింటికి
రెండు వందల మందిమీ లేచి కూర్చున్నాం,
ఊపడం ఆపగానే కళ్లు తెరిచే ఉయ్యాల పిల్లల్లా.

కింది పడకలో మా అక్క ఎదెల్మిరా.
మాటల్లేక పదకొండు నెలలు.
తెగింది అమ్మ కుట్టుమిషను దగ్గర.
అడక్కుండా అమ్మేశాను.
ఆ డబ్బుతో పళ్లు కట్టించుకున్నానని మాత్రం
ఎవరికీ చెప్పలేదు.
ఈ టికెట్లు తమ్ముడు కొన్నాడు,
ఒక్క గదిలో పడేస్తే కలిసిపోతామని.
వాడెప్పుడూ పిల్లుల్ని పెంచలేదు.

మైకులో కెప్టెను: "చిన్న సాంకేతిక ఇబ్బంది."
మధ్యాహ్నానికి అందులోంచి 'చిన్న' పోయింది.
రాత్రికి 'సాంకేతిక' కూడా పోయి
ఇబ్బంది ఒక్కటే మిగిలింది.

పెనాస్ అఖాతం, అంటే కష్టాల అఖాతం,
అది దాటేదాకా ఏమీ కాలేదు.
రెండు కొండల మధ్య
ఎవరూ పేరు పెట్టని, అద్దంలాంటి పాయలో
ఓడ చెయ్యిచ్చింది.

మొదటి రోజు తిరునాళ్ల.
డాల్ఫిన్లకు ఫొటోలు, ముక్కూమొహం తెలియనివాళ్లకు చాక్లెట్లు.
రెండో రోజుకి మరుగుదొడ్లు మూతపడ్డాయి.
ఓడ కదలకపోయినా
కడుపులో చల్ల కదులుతూనే ఉంది.
కన్సెప్సియోన్ నోటరీగారు
రుమాల్లో ఏడు ఉడికిన గుడ్లు మూటగట్టి
మెట్ల మీద దొరికిపోయాడు.
తలెత్తకుండా ఆరు పంచిపెట్టాడు.

వంటవాడు నోల్బెర్తో, చిలోయె దీవివాడు,
డెక్కు మీద గ్యాసు పొయ్యి వెలిగించి
ఆలుగడ్డలూ ఆల్చిప్పలూ ఒకే గిన్నెలో ఉడకేశాడు.
దుప్పట్లు కప్పుకుని వరసలో నిలబడ్డాం.
వాన.
అక్కడివాళ్లు దాన్ని వాన అనరు,
గాలిలాగే పీలుస్తారు.

ఆ రాత్రి ఇంజను గదిలోంచి బౌదిలియో పైకొచ్చాడు.
మోచేతుల దాకా గ్రీజు, బొటనవేలికి గుడ్డపీలిక.
చప్పట్లు కొట్టాం.
చెయ్యి అడ్డంగా ఊపాడు:
బాగవలేదు. మంచి కత్తెర ఎవరి దగ్గరైనా ఉందా?
వణకని చెయ్యి?

నలభై ఏళ్లు వల్దీవియాలో
పెళ్లిగౌన్లు కత్తిరించిన చెయ్యొకటి
దుప్పట్లోంచి లేచింది.

భోజనాల బల్ల మీద రబ్బరు షీటు.
దాని మీద, బిస్కెట్టులా పొడిపొడైన పాత ముక్క.
అక్క సబ్బుబిళ్ల అంచుతో గీసింది.
ఎనిమిది బోల్టులకు ఎనిమిది రంధ్రాలు,
కాజాలు తీసినట్టు తీసింది.
నాలుక కొస బయటపెట్టింది, అచ్చం అమ్మలా.
"వెలుతురు ఇటు పట్టు," అంది.

పదకొండు నెలల తర్వాత మొదటి మాట.
టార్చి నా చేతిలో ఉందని నాకప్పుడే తెలిసింది.
పట్టాను. భుజం లాగేస్తున్నా పట్టాను.

తెల్లారేసరికి టగ్గొకటి వచ్చింది,
అసలు భాగం తెచ్చిందన్నారు.
పనిచేసింది అదో, అక్క రబ్బరో
బౌదిలియో చెప్పలేదు, అక్క అడగలేదు.
ముందు కొళాయి దగ్గింది.
తర్వాత తుప్పునీళ్లు. తర్వాత వేడినీళ్లు.
నోటరీగారి భార్య స్నానం చేస్తూ ఏడ్చిందని
మా వరండా అంతటికీ తెలుసు. గోడలు పల్చన.

ఓడ మరమ్మతుకెళ్లింది.
ఐదు నెలలకు ఉత్తరం:
మళ్లీ నడుపుతున్నాం, మీకు సగం ధర.
బుద్ధున్నవాళ్లెవరైనా వెళ్తారా, అన్నాను.
అక్క అప్పటికే పెట్టె సర్దుతోంది,
కత్తెర అడుగున.

కొత్త రంగు వాసన. కొత్త తివాచీ.
కెప్టెను మారాడు, నోల్బెర్తో మారలేదు.
ఆ పాయ దగ్గర, ఆ నాలుగింటికే
ఇద్దరికీ మెలకువ వచ్చింది.
గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి.
గోడకు అరచెయ్యి ఆనించాను.
కింద ఆమె ఉంగరం కూడా
గోడకు టక్కున తగిలింది.

"ఎంతకమ్మావు?" అంది చీకట్లో.
చెప్పాను.
చాలాసేపు ఇంజనొక్కటే మాట్లాడింది.
తర్వాత, అటు తిరిగి పడుకుంటూ,
"పళ్లు మాత్రం బాగా కుదిరాయి," అంది.